వైపర్ మోటర్ మొరాయిస్తే: కోరాపుట్, జయపురం, రాయగడ వైపు కారు నడిపే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రథయాత్ర దగ్గరపడిందంటే చాలు, మనవైపు ఈ ప్రశ్నలు మొదలవుతాయి. ఎండాకాలమంతా వైపర్ జోలికే పోరు. మొదటి వాన పడగానే స్విచ్ తిప్పుతారు, అది కదలదు, వెంటనే "మోటర్ పోయింది, కొత్తది ఎంతవుతుంది?" అంటారు. మోటర్ పోయిందని ఎవరు తేల్చారు? చాలాసార్లు మోటర్ బాగానే ఉంటుంది, ఫ్యూజో, ఎర్తో (కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి వెళ్లే దారి), తుప్పు పట్టిన బుష్షో అసలు దొంగ అయి ఉంటుంది. డబ్బులు తీసే ముందు అది తేల్చుకోవడం కోసమే ఇదంతా.

వైపర్ అసలు కదలట్లేదు. మోటర్ పోయినట్టేనా?

ముందు చెవి పెట్టండి. ఇంజన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, ఏసీ ఫ్యాన్, పాటలు అన్నీ కట్టేసి, అద్దం మీద ఒక చెంబుడు నీళ్లు పోసి వైపర్ ఆన్ చేయండి. బానెట్ దగ్గర ఇంకొకర్ని నిలబెడితే ఇంకా మంచిది.

మోటర్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది కానీ వైపర్లు కదలట్లేదంటే కరెంటు బాగానే ఉంది, మోటర్ కూడా బాగానే ఉండొచ్చు, మధ్యలో కడ్డీయో నట్టో ఊడింది. గుయ్యిమని మూలుగుతోంది కానీ తిరగట్లేదంటే ఏదో బిగుసుకుపోయింది, వెంటనే ఆపేయండి, ఎందుకంటే తిరగలేక ఆగిపోయిన మోటర్ మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, అలాగే వదిలేస్తే బాగున్న మోటర్ కూడా కాలిపోతుంది. అసలు చప్పుడే లేదంటే అప్పుడు కరెంటు దారి వెతకాలి. ఈ మూడింటిలో మీది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, మిస్త్రీ దగ్గరకు వెళ్లినా ఇదే చెప్పండి, "వైపర్ పనిచేయట్లేదు" అని ఊరుకోకండి.

ఈ మోటర్ లోపల ఏముంటుంది?

పన్నెండు వోల్టుల డీసీ మోటర్. డబ్బా లోపలి గోడకి అయస్కాంతాలు అతికించి ఉంటాయి, మధ్యలో రాగి తీగ చుట్టిన ఆర్మేచర్ తిరుగుతుంది. దాని ఇరుసు చివర స్క్రూలా మరలు ఉంటాయి, అవి ఒక పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతాయి. ఆ చక్రం చాలా బళ్లలో ప్లాస్టిక్‌దే. మోటర్ వేగం అక్కడ తగ్గి బలం పెరుగుతుంది. చక్రం ఇరుసుకి బయట ఒక చిన్న క్రాంక్, దానికి లింక్ రాడ్లు, వాటి చివర వైపర్ చేతులు.

మామూలు రెండు స్పీడుల మోటర్లో, తిరిగే ఆర్మేచర్‌కి రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మూడుంటాయి. ఒకటి ఎర్త్‌ది, దానికి ఎదురుగా లో స్పీడుది, కొంచెం పక్కకి జరిపి హై స్పీడుది. పక్కకి జరిపిన బ్రష్ నుంచి కరెంటు వెళితే దారిలో చుట్లు తక్కువ తగులుతాయి, అందుకని మోటర్ వేగంగా తిరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద ఒక ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఇంకోటి, పళ్ల చక్రం మీదే (కొన్నిట్లో మూత లోపల) రాగి రేకు ఉంటుంది, దాని మీద చిన్న కాంటాక్టులు రాసుకుంటూ పోతాయి. మీరు స్విచ్ ఆపినా వైపర్ కిందికి వచ్చి పడుకునే దాకా మోటర్‌కి కరెంటు ఇచ్చేది అదే. పార్క్ స్విచ్ అంటారు.

చప్పుడే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్యూజు. డబ్బా మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది, వైపర్ ఫ్యూజు ఎక్కడో చూసి లాగండి. బండిని బట్టి 15 నుంచి 30 ఆంపియర్ల దాకా ఉంటుంది. కంటికి బాగున్నట్టు కనపడినా నమ్మకండి, మీటరుతోనో టెస్ట్ లాంప్‌తోనో (క్లిప్పు, మొన ఉన్న చిన్న బల్బు) చూడండి. ఫ్యూజు కాళ్ల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే అది కూడా కరెంటుని అడ్డుకుంటుంది. తర్వాత రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ డబ్బా. స్విచ్ వేసినప్పుడు టిక్‌మంటోందా? అదే నంబరున్న ఇంకో రిలే డబ్బాలో ఉంటే మార్చి చూడండి.

రెండూ బాగుంటే మోటర్ దగ్గరకి వెళ్లండి. కప్లర్ (వైర్లని మోటర్‌కి కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి, కీ ఆన్, వైపర్ లో స్పీడులో పెట్టి, టెస్ట్ లాంప్ క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి తగిలించి, కప్లర్లో ఒక్కో పిన్ను తాకించండి. కీ వేయగానే ఒక పిన్నులో కరెంటు ఉండటం మామూలే, అది పార్క్ స్విచ్ కోసం. లో స్పీడు వేసినప్పుడు ఇంకో పిన్ను వెలగాలి, హై వేస్తే వేరొకటి. వెలగట్లేదంటే తప్పు మోటర్‌ది కాదు, స్విచ్‌దో వైరింగ్‌దో. వెలుగుతోందంటే ఇప్పుడు క్లిప్పుని బ్యాటరీ ప్లస్‌కి మార్చి ఎర్త్ పిన్ను తాకించండి. అక్కడ వెలగకపోతే ఎర్త్ పోయింది.

మనవైపు ఎర్త్ పోవడం చాలా మామూలు. మోటర్ ఉండేదే అద్దం కింద కౌల్లో, అంటే బానెట్‌కీ అద్దానికీ మధ్య ఉండే గుంటలో, ఘాట్ ఎర్రమట్టి, ఆకులు, వాన నీళ్లు అన్నీ చేరేది అక్కడే. ఎర్త్ బోల్టు విప్పి, కింది రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. కొన్ని మోటర్లకి ఎర్త్ వైరు ఉండదు, బిగించిన బోల్టుల ద్వారానే బాడీకి ఎర్త్ అందుతుంది, వాటిలో ఆ బోల్టులే చూడాలి.

కొత్త ఫ్యూజు వేసినా పోతోంది. వైరు పోగు చుట్టేయొచ్చా?

వద్దు. పెద్ద ఆంపియర్ల ఫ్యూజు కూడా వద్దు. ఫ్యూజు పోవాల్సింది పోయి వైరు కాలుతుంది, ఆ వైరు డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. కప్లర్ పీకేసి కొత్త ఫ్యూజు వేసి చూడండి. అప్పుడు కూడా పోతే వైరు ఎక్కడో రేకుకి తగులుతోంది. పోకపోతే మోటరో లింకేజో (క్రాంక్ నుంచి వైపర్ల దాకా ఉండే రాడ్లు) పట్టేసింది.

మోటర్‌కి నేరుగా బ్యాటరీ ఇచ్చి చూడొచ్చా?

పాత మారుతి, ఓమ్నీ, బొలెరో లాంటి మామూలు మోటర్లకి భేషుగ్గా ఇవ్వొచ్చు. మధ్యలో ఒక ఫ్యూజు పెట్టిన వైరు వాడండి, మైనస్ ఎర్త్‌కి, ప్లస్ లో స్పీడు పిన్నుకి, తర్వాత హై స్పీడు పిన్నుకి. రెండిట్లోనూ తిరిగితే మోటర్ నిర్దోషి. వేళ్లు మాత్రం లింక్ రాడ్లకి దూరంగా పెట్టండి, ఆ బలానికి వేలు నలిగిపోతుంది, ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

వాన పడగానే తనంత తాను తిరిగే సెన్సర్ వైపర్లు, మోటర్లోనే ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న కొత్త బళ్లు అయితే ఈ పని చేయకండి. వాటిలో కంప్యూటర్ సందేశం పంపితేనే మోటర్ తిరుగుతుంది, చేతికొచ్చిన పిన్నుకి బ్యాటరీ ఇస్తే బోర్డు పోతుంది. వాటికి స్కానర్ ఉన్న షెడ్డే దిక్కు.

మోటర్ తిరుగుతోంది, ఒక వైపరే ఊగుతోంది. లేదా రెండూ ఊగట్లేదు.

ఒకటే ఊగుతుంటే ఊగనిదాని మొదట్లో ప్లాస్టిక్ టోపీ తీసి నట్టు చూడండి. వదులైతే బిగించండి, అయిపోయింది. బిగించినా జారుతోందంటే వైపర్ చెయ్యి లోపలి పళ్లు అరిగాయి, చెయ్యి మార్చాలి. చెయ్యి అల్యూమినియంది, ఇరుసు ఇనుముది, కాబట్టి ముందు అరిగేది చెయ్యే. నట్టు బాగుంటే ఆ వైపు లింక్ రాడ్ బంతి దాని ప్లాస్టిక్ గిన్నెలోంచి ఊడి ఉంటుంది.

రెండూ ఊగకపోతే మోటర్ మీది క్రాంక్ నట్టు, లేదా మోటర్‌కి తగిలే మొదటి రాడ్ చూడండి. అవి బాగుండి, మోటర్ తిరుగుతున్నా క్రాంక్ తిరగకపోతే లోపల ప్లాస్టిక్ చక్రం పళ్లు ఊడాయి. ఊడిన బంతిని ప్లాస్టిక్ గిన్నెలోకి మళ్లీ నొక్కి, బైండింగ్ వైరుతో కట్టి పంపే మిస్త్రీలు ఉన్నారు. ఇల్లు చేరడానికి పనికొస్తుంది. కొత్త గిన్నె వేయించుకోండి.

వైపర్ చాలా నెమ్మదిగా, ముక్కుతూ మూలుగుతూ తిరుగుతోంది. ఇది మోటరే కదా?

ఎక్కువమంది అనవసరంగా మోటర్ మార్చేది దీనికే. కొత్త మోటర్ వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది కూడా, ఎందుకంటే కొత్తదానికి బలం ఎక్కువ, బిగుసుకున్న బుష్షుల్ని అది కూడా కొన్నాళ్లు లాగుతుంది, తర్వాత అదీ చచ్చిపోతుంది, అప్పుడు "డూప్లికేట్ ఇచ్చాడు" అని షాపువాణ్ని తిడతాం.

వైపర్ ఇరుసులు రెండూ గొట్టంలాంటి బుష్షుల్లో తిరుగుతాయి. వాటి పైన ఉండే రబ్బరు టోపీ చిరిగితే నీళ్లు, మట్టి దిగి, ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. దమన్‌జోడి, సెమిలిగుడ వైపు తిరిగే బళ్లలో ఆ ఎర్రదుమ్ము గ్రీజుతో కలిసి సానబట్టే ముద్దలా తయారవుతుంది. చూడటం ఇలా: మోటర్ క్రాంక్ నుంచి రాడ్ ఊడదీసి, రాడ్లని చేత్తో ఊపండి. సునాయాసంగా, ఒకే తీరుగా కదలాలి. రెండు చేతులూ పెట్టి బలంగా లాగాల్సి వస్తే దొంగ దొరికాడు. అదే సమయంలో విడిగా ఉన్న మోటర్‌ని ఆన్ చేసి చూడండి, చకచకా తిరిగితే మోటర్‌కి క్లీన్ చిట్.

ఇరుసు మీది లాక్ తీసి, ఇరుసు బయటికి లాగి, తుప్పు రుద్దేసి, గ్రీజు పట్టించి మళ్లీ పెట్టాలి. పైనుంచి డబ్ల్యూడీ ఫార్టీ స్ప్రే కొట్టి వదిలేస్తే ఆ వారానికి బాగుంటుంది, వాన నీటికి కొట్టుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది. లాక్ లేకుండా దిగ్గొట్టిన ఇరుసులైతే లింకేజ్ సెట్టే మార్చాలి, అయినా మోటర్‌తో పనిలేదు.

విడిగా తిరిగేటప్పుడు కూడా మోటర్ నెమ్మదిగానే ఉంటే ఇప్పుడు వోల్టేజీ కొలవండి. మోటర్ తిరుగుతుండగా కప్లర్ దగ్గర వోల్టేజీ, బ్యాటరీ దగ్గర వోల్టేజీ దాదాపు ఒకటే ఉండాలి. ఒక వోల్టు పైన తేడా ఉంటే దారిలో ఎక్కడో చిలుము. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది మోటర్ ఎర్త్ పిన్ను మీద పెడితే, తిరుగుతుండగా పాయింట్ రెండు, పాయింట్ మూడు వోల్టులు దాటకూడదు, దాటితే ఎర్త్ శుభ్రం చేయాలి. అన్నీ సరిగ్గా ఉండి అప్పుడు కూడా ఈడుస్తుంటే, ఇప్పుడు అనండి మోటర్ అని. కార్బన్లు అరిగాయి లేదా లోపల గ్రీజు ఎండి జిగురైంది.

కాసేపు తిరిగి ఆగిపోతుంది, పదినిమిషాలకి మళ్లీ తిరుగుతుంది. దెయ్యమా?

వేడి. కొన్ని మోటర్ల లోపల వేడెక్కితే తెగి, చల్లారితే కలిసే చిన్న బ్రేకర్ ఉంటుంది. మోటర్ అతిగా కష్టపడుతోందని అర్థం, పై జవాబు మళ్లీ చదవండి. బ్రేకర్ లేని మోటర్లో ఇలా జరుగుతుంటే కార్బన్ చివరికొచ్చి, తగిలీ తగలక ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో మోటర్ డబ్బా మీద మెల్లగా తడితే కదిలిందా? కార్బనే.

హై స్పీడు పనిచేస్తోంది, లో పనిచేయట్లేదు. లేదా తిరగబడి.

మూడు బ్రష్‌ల సంగతి పైన చెప్పాను కదా. ఎక్కువగా లో స్పీడే వాడతాం కాబట్టి ఆ కార్బనే ముందు అరుగుతుంది. కప్లర్లో లో పిన్ను దగ్గర లాంప్ వెలుగుతుంటే మోటర్లో కార్బన్, వెలగకపోతే స్టీరింగ్ దగ్గర కాంబినేషన్ స్విచ్. కార్బన్ మార్చేదాకా హై స్పీడుతో బండి నడిపేయొచ్చు, టెన్షన్ పడక్కర్లేదు. రెండు స్పీడులూ ఉండి ఆగి ఆగి తుడిచే ఇంటర్మిటెంట్ ఒక్కటే పనిచేయకపోతే రిలే చూడండి, మోటర్‌కి దాంతో సంబంధం లేదు.

స్విచ్ ఆపితే వైపర్ అద్దం మధ్యలో ఎక్కడ పడితే అక్కడ నిలబడుతోంది.

వైపర్ తిరుగుతుండగా నేరుగా కీ తీసేస్తున్నారా? అలా చేస్తే అన్ని బళ్లలోనూ మధ్యలోనే ఆగుతుంది. స్విచ్ ఆపాక కూడా మధ్యలోనే అంటే పార్క్ స్విచ్‌కి కరెంటు రావట్లేదు లేదా లోపలి కాంటాక్టులు అరిగాయి. మోటర్ పక్క మూత నాలుగు స్క్రూలు విప్పి చూస్తే రాగి రేకు మీద నల్లటి గ్రీజు పొర కనపడుతుంది, గుడ్డతో తుడిచి, కాంటాక్టు కాళ్లని ఒక్క పిసరు పైకి వంచితే చాలా మోటర్లు దారికొస్తాయి. ఒక్క పిసరే, ఎక్కువ వంచితే విరుగుతాయి.

ఆపినా ఆగకుండా తిరుగుతూనే ఉంటే రిలే పాయింట్లు అతుక్కున్నాయేమో ముందు చూడండి. ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట, కానీ తప్పుచోట ఆగుతుంటే కరెంటు తప్పు కాదు, ఎవరో చెయ్యిని పక్క పళ్ల మీద బిగించారు. ఎవరని అడగొద్దు, అద్దం మార్చినప్పుడో టింకరింగ్ అప్పుడో అయి ఉంటుంది.

ఇంట్లోనే మోటర్ విప్పొచ్చా?

రింగ్ స్పానర్లు, స్క్రూడ్రైవర్, ఓపిక ఉంటే విప్పొచ్చు. బ్యాటరీ మైనస్ తీసే ముందే వైపర్‌ని ఒకసారి తిప్పి ఆపండి, మోటర్ పార్క్‌లో ఉండాలి. బ్లేడు అద్దం మీద ఎక్కడ ఆగిందో టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. చెయ్యి నట్టు విప్పాక చెయ్యి రాకపోతే సుత్తితో కొట్టకండి, అటూ ఇటూ ఊపుతూ పైకి లాగితే వస్తుంది. బ్లేడు లేని చెయ్యి స్ప్రింగుకి టప్పున అద్దం మీద పడితే అద్దం పగులుతుంది, కింద గుడ్డ మడత పెట్టండి.

తర్వాత కౌల్ ప్లాస్టిక్, కప్లర్, మోటర్ బోల్టులు, సాధారణంగా మూడు. క్రాంక్ నట్టు విప్పేటప్పుడు క్రాంక్‌ని ఇంకో స్పానర్‌తో పట్టుకోవాలి, లేకపోతే ఆ బలమంతా లోపలి ప్లాస్టిక్ చక్రం మీద పడుతుంది. క్రాంక్, ఇరుసు రెండిటి మీదా గీత గీయండి. తిరిగి పెట్టేటప్పుడు ముందు మోటర్‌కి కప్లర్ పెట్టి ఒకసారి తిప్పి ఆపి, అది పార్క్‌కి వచ్చాకే క్రాంక్, ఆఖరున చేతులు.

కార్బన్లు మార్పించాలా, మోటరే మార్చాలా?

ఆర్మేచర్ కాలిన వాసన లేకుండా, అయస్కాంతాలు పగలకుండా, చక్రం పళ్లు బాగుంటే కార్బన్లు మార్పించండి, ఖర్చు కొత్తదాంతో పోలిస్తే చిల్లర. కార్బన్లు రాసుకునే రాగి భాగాన్ని సన్నటి గరుకు కాగితంతో తుడిచి, రాగి పట్టీల మధ్య సందుల్లో నల్లటి పొడి తీసేయమనండి. ఆర్మేచర్‌ని డబ్బాలోకి పెట్టేటప్పుడు అయస్కాంతాలు లటుక్కున లాగేస్తాయి, ఇరుసు వంకరపోకుండా చూసుకోవాలి. డబ్బాని సుత్తితో కొట్టిన మిస్త్రీ దగ్గర మోటర్ వెనక్కి తీసేసుకోండి, లోపలి అయస్కాంతాలు పింగాణీలా పెళుసు.

కొత్తది కొంటే పాతదాని మీది స్టిక్కర్ నంబరు, పిన్నుల సంఖ్య ఫోటో తీసి పంపి కొనండి. లూకాస్ టీవీఎస్, బాష్ రెండూ వైపర్ మోటర్లు చేస్తాయి. ఇక్కడ దొరకకపోతే విజయనగరం, విశాఖ షాపుల వాళ్లు బస్సు పార్సిల్లో వేస్తారు.

స్క్రాప్ మోటర్ తీసుకుంటే అక్కడే బ్యాటరీకి పెట్టించి, లో, హై, పార్క్ మూడూ చూసి తీసుకోండి. సాలూరంటే లారీల ఊరు కాబట్టి అటువైపు స్క్రాప్‌లో ఇరవై నాలుగు వోల్టుల లారీ మోటర్లు కూడా ఉంటాయి. అది కారుకి బిగిస్తే ఈడుస్తూ తిరుగుతుంది, మళ్లీ నెమ్మది జబ్బు అనుకుని తల పట్టుకుంటారు.

సాలూరు, సుంకి ఘాట్ మధ్యలో కుండపోత వానలో వైపర్ ఆగిపోతే?

నాలుగు ఇండికేటర్లు వేసి, మలుపు దాటి, ఎడమ పక్క జాగా ఉన్నచోట ఆపండి. మలుపులో ఆపకండి, కొండవాలు కింద రాళ్లు జారేచోట కూడా వద్దు. ఫ్యూజు చూడండి, పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు అప్పటికి అవసరం లేనిదాంట్లోంచి, సిగరెట్ లైటర్‌దో వెనక వైపర్‌దో, తీసి పెట్టండి. నట్టు వదులైతే బిగించండి.

ఏదీ కుదరకపోతే వాన తగ్గేదాకా కూర్చోవడమే ఉత్తమం, ఘాట్‌లో వాన ఒకే జోరున గంటలకొద్దీ కురవడం తక్కువ. పాత లారీ డ్రైవర్లు పొగాకో, కోసిన బంగాళదుంపో అద్దం మీద రుద్దుతారు, నీరు చుక్కలుగా నిలవకుండా పొరలా జారుతుంది. చినుకుల్లో, మనిషి నడిచే వేగంతో ముందున్న టీ బడ్డీ దాకా పోవడానికి సరిపోతుంది. దాన్ని నమ్ముకుని రాత్రిపూట పొగమంచులో దిగడం మాత్రం తెలివితక్కువ పని.

వైపర్ లేకపోతే ఫైన్ వేస్తారా?

1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 101వ నియమం ప్రకారం అద్దం ఉన్న కారుకి సరిగ్గా పనిచేసే, కరెంటుతోనో మరో శక్తితోనో నడిచే వైపర్ ఉండాలి. టాక్సీ నడిపేవాళ్లకి ఫిట్‌నెస్‌లో కూడా చూస్తారు.

మోటర్ ఎక్కువకాలం మన్నాలంటే?

వానలకి ముందు కౌల్ తీసి ఆకులు, మట్టి దులిపి, రెండు చివర్లా నీళ్లు పోయే కన్నాల్లో వైరు ముక్క పెట్టి తిప్పండి. అవి మూసుకుంటే మోటర్ నీళ్లలో మునుగుతుంది. పొడి అద్దం మీద వైపర్ వేయకండి, ముందు నీళ్లు కొట్టండి. చెట్టు కింద పెట్టిన బండికి రబ్బరు అద్దానికి అంటుకుని ఉంటే చేత్తో లేపాకే స్విచ్ వేయండి.

అన్నీ చేశాను, వైపర్ చక్కగా తిరుగుతోంది, అయినా అద్దం మసకగానే ఉంది.

వేలితో అద్దం లోపలివైపు తుడవండి. గీత పడిందా? మసక లోపలిది. పొట్టంగి పైకి ఎక్కాక చలికి, లోపల కూర్చున్నవాళ్ల ఊపిరికి అద్దం చెమరుస్తుంది, ఏసీ వేసి గాలి అద్దం మీదకి తిప్పితే రెండు నిమిషాల్లో పోతుంది. గీత పడకపోతే మసక బయటిది, లారీల పొగ, నూనె పొర. సబ్బునీళ్లతో అద్దం కడిగి, బ్లేడు రబ్బరు అంచుని తడిగుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా అయి, రబ్బరు అంచు గరుకుగా తగిలితే బ్లేడు మార్చండి.